1801 నుంచి ఒకే కూర: కొమగాత దోజో కుటుంబం నిలబడ్డ తీరు

టోక్యోలో అసకుస గుడికి వెళ్లే దారిలో, సుమిదా నదికి దగ్గరగా కొమగాత అనే పేట ఉంది. అక్కడ ఎత్తయిన కాంక్రీటు భవనాల మధ్య ఒక రెండంతస్తుల హోటల్ పాత వర్తకుడి ఇల్లులా కనిపిస్తుంది. గుమ్మానికి వెడల్పాటి గుడ్డ తెర వేలాడుతుంది. పై అంతస్తుకు వీధి వైపు కిటికీలు లేవనే చెప్పాలి. జపాన్‌ని షోగన్లనే సైనిక పాలకులు ఏలిన కాలంలో ప్రభువులు పరివారంతో ఊరేగింపుగా వీధుల్లో వెళ్లేవారు. మామూలు జనం మేడ మీద నిలబడి వాళ్లని కిందికి చూడటం నేరం. అందుకని వర్తకులు ఆ వైపు కిటికీలు పెట్టుకునేవారు కాదు.

అయితే ఈ భవనం కట్టింది 1964 లో. అది టోక్యో ఒలింపిక్స్ జరిగిన ఏడాది. షోగన్ల పాలన పోయి అప్పటికే తొంభై ఆరేళ్లయింది. ఊరేగింపులు లేవు, చూస్తే శిక్షించేవాళ్లూ లేరు. అయినా యజమానులు పాత పద్ధతిలోనే కట్టించుకున్నారు.

హోటల్ పేరు కొమగాత దోజో. దోజో అంటే అక్కడ వండే చేప. మొదలైంది 1801 లో. ఇప్పుడు నడుపుతున్నది ఏడో తరం. ఇల్లు పాతది కాదు. అందులో ఉడికే చేప కూడా ఒకప్పటిలా పొలాల్లోంచి వచ్చేది కాదు. మరి రెండు వందల ఇరవై ఏళ్లకు పైగా కొనసాగుతున్నదేమిటి? జపాన్ పాత హోటళ్ల గురించి రాసేవాళ్లు దీన్ని 'సంప్రదాయం' అని ఒక్క మాటలో తేల్చేస్తుంటారు. అక్కడితో ఆగిపోతే అసలు సంగతి తెలియదు. ఈ కుటుంబం గట్టిగా పట్టుకున్నవి చాలా కొద్ది: ఒక పేరు, ఒక చోటు, ఒక కూర. వాటిని నిలుపుకోవడానికి మిగతా వాటన్నిట్లోనూ ఎప్పటికప్పుడు సర్దుకుపోయింది.

మొదటి యజమాని ఎచిగోయా సుకెషిచి టోక్యోలో పుట్టినవాడు కాదు. టోక్యో పక్కనే ఉన్న నేటి సైతమా ప్రాంతపు పల్లె నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో ఎడోకి వచ్చాడు. టోక్యోకి అప్పటి పేరు ఎడో. కొన్నాళ్లు ఒకరి దగ్గర పనిచేసి, ఆ తర్వాత కొమగాతలో సొంతంగా ఒక భోజన హోటల్ పెట్టుకున్నాడు. పెద్దగా పెట్టుబడి అక్కర్లేని వ్యాపారం: అన్నం, పులుసు, పక్కన ఏదో ఒకటి. చోటు మాత్రం బాగా ఎంచుకున్నాడు. అసకుసలోని సెన్సోజీ గుడికి పోయే భక్తులంతా ఆ దారినే నడిచేవారు. పైగా మరుసటి ఏడాది మూడో నెలలో గుడిలో ప్రత్యేక దర్శనాలు మొదలయ్యాయి. వచ్చే జనం, పోయే జనంతో కొత్త హోటల్ కిటకిటలాడింది.

ఆ రోజుల్లో ఎడో జనాభా పది లక్షల వరకు ఉండేది. అందులో మగవాళ్లు చాలా ఎక్కువ. ప్రతి ప్రభువూ ఏడాది విడిచి ఏడాది షోగన్ రాజధానిలో ఉండాలి కాబట్టి వాళ్ల వెంట వేలాదిమంది సమురాయిలు పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి వచ్చేవారు. తరచూ మంటలకు ఆహుతయ్యే ఊరు కావడంతో వడ్రంగులకు, కూలీలకు పనికి కొదవ ఉండేది కాదు. వాళ్లలోనూ చాలామంది ఒంటరివాళ్లే. ఇరుకు గదుల్లో వండుకునే ఓపిక, వీలు లేనివాళ్లకి బయట తిండే గతి. 1804 లో లెక్క తీస్తే ఎడోలో ఆరు వేలకు పైగా తిండి కొట్లు తేలాయి. ఇప్పుడు ప్రపంచమంతా తెలిసిన సుషీ, టెంపురా, సోబా ఆ రద్దీలో నిలబడి గబగబా తినడానికి పెరిగిన రకాలే. సుకెషిచి ఎంచుకున్న దోజో కూడా ఆ కోవలోదే. అది వరి పొలాల్లో, కాలవల్లో దొరికే సన్నటి బురద చేప. గోదావరి జిల్లాల్లో బొమ్మిడాయిల పులుసు తిన్నవాళ్లకి దాని రూపం, జారిపోయే గుణం వేరే చెప్పక్కర్లేదు. ఎడో చుట్టూ ఎటు చూసినా వరి పొలాలే. చేప చవక, బలమైన తిండి, సరఫరాకి లోటు లేదు. అంటే ఈ హోటల్ పుట్టింది గొప్పింటి వంటగదిలో కాదు. అలసిపోయి, జేబులో కొద్ది నాణేలతో వచ్చేవాడి ఆకలి తీర్చడానికి పుట్టింది. ఆ మూలం మర్చిపోతే తర్వాతి కథ అర్థం కాదు.

అయిదేళ్లు తిరగకుండానే, 1806 లో, ఎడో చరిత్రలోని మూడు మహా అగ్నిప్రమాదాల్లో ఒకటి ఊరిని కాల్చేసింది. సుకెషిచి హోటల్ కూడా బూడిదైంది. మళ్లీ కట్టేటప్పుడు అతను చేసిన ఒక పని ఇప్పటికీ గుమ్మం మీద కనబడుతుంది. చేప పేరుని మామూలుగా నాలుగక్షరాల్లో రాసేవారు. నాలుగు అంకె జపనీయులకు చావుని గుర్తుచేస్తుంది కాబట్టి అపశకునం. కాలిపోయి లేచిన హోటల్‌కి ఆ శకునం ఎందుకని, బోర్డులు రాయడంలో ఎడోలో పేరున్న సెన్‌కిచి అనే అతన్ని బతిమాలి మూడక్షరాల్లో రాయించాడు. పలికేటప్పుడు తేడా ఏమీ లేదు. జనం మాత్రం ఆ వింత బోర్డుని చూడటానికే ఆగారు. షోగన్ల కాలం ముగిసే నాటికి ఎడోలో దోజో అమ్మే ఇతర హోటళ్లు కూడా అలాగే రాయించుకున్నాయి. నమ్మకం ఎంత, వ్యాపార తెలివి ఎంత అని ఇప్పుడు విడదీయలేం. ఒకటి మాత్రం స్పష్టం. నష్టం జరిగిన వెంటనే సుకెషిచి పాతదాన్ని అచ్చంగా తిరిగి కట్టుకుని ఊరుకోలేదు. అతని తర్వాత అదే పేరుతో వచ్చిన రెండో తరం సుకెషిచి తిమింగలం మాంసం కుండ కూడా చేర్చాడు. వేలెడంత చేప, సముద్రంలోకెల్లా పెద్ద జంతువు ఒకే హోటల్‌లో పక్కపక్కనే ఉడకసాగాయి. 1848 లో అచ్చయిన ఎడో హోటళ్ల పట్టికలో వీళ్ల పేరు ఎక్కింది.

ఆ కూర ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఈ కుటుంబం చరిత్రలో తక్కువ మారినది అదే. బతికున్న చేపల మీద సాకె అనే బియ్యపు సారా పోస్తారు. మత్తెక్కి అవి కదలడం మానేశాక, తియ్యటి మిసో (సోయా గింజలు పులియబెట్టి చేసే ముద్ద) పులుసులో సన్నసెగ మీద ఉడికిస్తారు. తల, తోక, ముల్లు ఏదీ తీయరు. ముల్లు నోట్లో తెలియనంతగా మెత్తబడుతుంది. అలా ఉడికినవాటిని లోతు లేని ఇనుప మూకుడులో వరసగా పేర్చి, బొగ్గుల కుంపటితో సహా ముందుకు తెస్తారు. పక్కన ఒక చెక్క పెట్టె నిండా తరిగిన ఉల్లికాడలు. వాటిని తినేవాళ్లే గుప్పెళ్లతో తీసి చేపలు కనబడనంతగా కప్పేస్తారు. ఉల్లికాడలు వాడి, పులుసు ఇంకుతుంటే కూజాలోంచి మరికాస్త పోసుకుంటారు. పైన సాన్షో అనే మిరియం లాంటి ఘాటు పొడి గానీ, ఏడు దినుసుల కారం గానీ చల్లుకుంటారు. ముల్లు తీసినవి, గుడ్డు పోసినవి కూడా దొరుకుతాయి గానీ, హోటల్‌కి పేరు తెచ్చింది ముళ్లతో ఉండే మూకుడే.

కూర్చునే తీరు కూడా చెప్పుకోవాలి. కింది హాలులో పేము చాపలు పరిచి ఉంటాయి. వాటి మీద పొడవాటి చెక్క పలకలు నేలకు ఆనించి వేస్తారు. బల్లలు అవే. వేరువేరు గుంపులు ఒకే పలకకి అటూ ఇటూ కూర్చుంటారు. పెద్ద కంపెనీ అధికారికీ, టాక్సీ డ్రైవర్‌కీ ఎత్తు ఒకటే. గది నిండా మిసో వాసన, బొగ్గు సెగ. కుర్చీలు వేసి ఏసీ గదులు చేస్తే ధర పెంచుకోవచ్చు. ఇంత పేరున్న హోటల్‌కి అది పెద్ద కష్టం కాదు. కింది హాలుని అలాగే ఉంచడం ఈ కుటుంబం తీసుకున్న నిర్ణయాల్లో అతి విలువైనది. చవక తిండి కొట్టుగా పుట్టిన సంగతిని వాళ్లు గోడ మీద ఫొటోగా తగిలించి ఊరుకోలేదు. కస్టమర్ ఇప్పటికీ అలాగే కూర్చుని తింటున్నాడు.

ఇక పేరు. ఈ హోటల్ యజమానులు తరతరాలుగా ఎచిగోయా సుకెషిచి అనే పేరుతోనే వ్యవహరిస్తున్నారు. మొదటి సుకెషిచి పోయాక రెండో సుకెషిచి, అతని తర్వాత మూడో సుకెషిచి. జపాన్ పాతకాలపు నాటకం కబుకి ఆడే నటుల కుటుంబాల్లోనూ ఇదే పద్ధతి ఉంది. బయటివాళ్లకి ఇది ముచ్చటగా తోచే ఆచారం. లోపల మాత్రం గట్టి వ్యాపార లెక్క ఉంది. మిసో పంపేవాడు, చేపలు తెచ్చేవాడు, అప్పిచ్చేవాడు ఒక మనిషితో లావాదేవీ చేయడం లేదు. సుకెషిచితో చేస్తున్నాడు. మనిషి మారినా మాట మారకూడదన్న బాధ్యత ఆ పేరుతో పాటే కొత్త యజమాని నెత్తిన పడుతుంది. అన్నదమ్ములు నలుగురున్నా సుకెషిచి ఒక్కడే. ఆస్తి ముక్కలు కాకుండా ఉండటానికి ఇది ఎంత సాయపడి ఉంటుందో, పంపకాలతో చితికిపోయిన కుటుంబ వ్యాపారాలను చూసినవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది.

కొడుకులు లేకపోతే? ఉన్న కొడుక్కి చేతకాకపోతే? పాత జపాన్ వ్యాపార కుటుంబాలు దీనికి ఎప్పుడో దారి కనిపెట్టాయి. సమర్థుడైన కుర్రాణ్ణి చూసి కూతుర్నిచ్చి పెళ్లి చేసి, అతన్నే దత్తత తీసుకుంటారు. మన ఇల్లరికం లాంటిదే గానీ ఒక తేడా ఉంది. ఇల్లరికపు అల్లుడు మన దగ్గర తన ఇంటిపేరు తనే ఉంచుకుంటాడు, కాస్త చిన్నచూపు కూడా భరిస్తాడు. జపాన్‌లో అతను భార్య ఇంటిపేరు తీసుకుని చట్టప్రకారం ఆ ఇంటి కొడుకైపోతాడు. దీనికి మనకి బాగా తెలిసిన ఉదాహరణ మారుతీ కార్ల వెనకున్న ఒసాము సుజుకి. ఆయన పుట్టింటి పేరు మత్సుదా. సుజుకి కుటుంబంలో పెళ్లి చేసుకుని సుజుకి అయ్యాడు. ఆయన మామ కూడా ఆ ఇంటికి అలాగే వచ్చిన అల్లుడే. అందువల్ల జపాన్ పాత వ్యాపారాల్లో 'తరాలు' అన్నప్పుడు రక్త సంబంధం ఒక్కటే అనుకుంటే పొరబడతాం. అక్కడ కుటుంబం అంటే ఒక గూడు. దాన్ని నడిపే మనిషిని అవసరమైతే బయటి నుంచి తెచ్చుకుంటారు. వందేళ్లు దాటిన వ్యాపారాలు జపాన్‌లో నలభై వేలకు పైగా ఉన్నాయని కంపెనీల వివరాలు సేకరించే టెయికోకు డేటాబ్యాంక్ సంస్థ లెక్కలు చెబుతున్నాయి. వాటి వెనక ఈ వెసులుబాటు పాత్ర చాలా పెద్దది.

1806 నాటి మంటలు మొదటివి మాత్రమే. 1923 సెప్టెంబరు 1 న వచ్చిన భూకంపం, దాని వెంట రేగిన మంటలు లక్ష మందికి పైగా ప్రాణాలు తీశాయి. ఈ హోటల్ మళ్లీ కాలిపోయింది. తిరిగి నిలబడింది గానీ, భూకంపం వచ్చి ఇరవై రెండేళ్లు తిరక్కుండానే, 1945 మార్చి 10 తెల్లవారుజామున, అమెరికా బాంబర్లు అసకుసని, చుట్టుపక్కల పేటల్ని తగలబెట్టాయి. భూకంపాన్ని తట్టుకున్న సెన్సోజీ ప్రధాన మందిరం కూడా యుద్ధంలో నేలమట్టమైంది. దాన్ని మళ్లీ కట్టేసరికి 1958 వచ్చింది. గుడే అంతకాలం లేనప్పుడు, గుడికి వచ్చే జనం మీద బతికే హోటల్ సంగతి ఊహించుకోవచ్చు. యుద్ధకాలంలో తిండి గింజలకే కరువు. దోజో పులుసుకి వాడే ఎడో తియ్య మిసోలో బియ్యం వాటా ఎక్కువ, ఉప్పు తక్కువ. బియ్యం వృథా అవుతుందని దాని తయారీనే ప్రభుత్వం ఆపించింది. అలా టోక్యో నాలుక మీద ఉన్న ఒక రుచి ఇంచుమించు మాయమైంది. యుద్ధం తర్వాత జనం షిన్షూ (నేటి నగానో ప్రాంతం) వైపు ఉప్పటి మిసోకి అలవాటు పడ్డారు. దోజో పులుసుకి ఆ పాత మిసో కావాలి. అలాంటి పాతకాలపు హోటళ్లు అడుగుతూ ఉండటం కూడా ఆ మిసో మళ్లీ బతకడానికి ఒక ఆసరా. పాత హోటల్ అంటే ఒక ఇంటి ఆస్తి మాత్రమే కాదు. దాన్ని నమ్ముకుని చిన్న వృత్తులు కొన్ని బతుకుతాయి. అది మూతపడితే వాటి కాళ్ల కింద నేల కూడా కదులుతుంది.

1964 అనే ఏడాది దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. కొమగాతలో ఎడో పద్ధతి ఇల్లు లేచిన ఆ ఏడాదే, న్యూయార్క్ 56వ వీధిలో మరో టోక్యో కుటుంబం కుర్రాడు నాలుగే నాలుగు బల్లలతో బెనిహానా తెరిచాడు. పేరు రాకీ అయోకి. యుద్ధం ముగిశాక తండ్రి టోక్యోలో పెట్టిన చిన్న కాఫీ హోటల్ ఆ కుటుంబానికి మొదలు. హార్లెమ్‌లో ఐస్‌క్రీమ్ బండి నడిపి కూడబెట్టిన డబ్బుతో రాకీ అమెరికాలో ఈ హోటల్ పెట్టాడు. కస్టమర్ల ఎదుటే వేడి పెనం మీద కత్తులు ఆడిస్తూ మాంసం వండటం అమెరికన్లకి తెగ నచ్చింది. హోటళ్లు పదులు దాటాయి, కంపెనీ షేర్ మార్కెట్‌కి ఎక్కింది. 2006 లో కంపెనీ మీద పట్టు కోసం రాకీ తన పిల్లల్లో నలుగురి మీద కోర్టుకెక్కాడు. 2008 లో చనిపోయాడు. 2012 లో బెనిహానా ఒక పెట్టుబడి సంస్థ చేతికి పోయింది.

రాకీ అయోకి చేసింది తక్కువ పని కాదు. పచ్చి చేప అంటేనే ముఖం తిప్పుకునే రోజుల్లో జపాన్ పేరున్న హోటల్‌కి అమెరికన్ కుటుంబాల్ని రప్పించాడు. కానీ కుటుంబ హోటల్‌గా బెనిహానా ఆయుష్షు రెండు తరాలే. పదుల కొద్దీ హోటళ్లకి కావాల్సిన డబ్బు బయటి నుంచే రావాలి. బయటి డబ్బు వచ్చాక వంటగది కన్నా వాటాల లెక్క పెద్దదవుతుంది. కొమగాత కుటుంబం గొలుసు హోటళ్ల దారి పట్టలేదు. బొగ్గుల కుంపటి, నేల మీద పలకలు, ప్రతి మూకుడూ చేత్తో పేర్చడం, ఇవన్నీ వంద చోట్ల పెట్టేవి కావు. ఆ వంటే వాళ్లకి హద్దు గీసింది. ఆ హద్దులో ఉండటానికి ఒప్పుకోవడం వల్లే ఏడో తరం దాకా హోటల్ ఇంటి చేతుల్లో ఉంది.

ఇన్ని చెప్పాక ఈ కథలో బలహీనమైన చోటు కూడా చూపించాలి. వారసుడు దొరకడం ఇప్పుడు జపాన్ చిన్న వ్యాపారాలకి పెద్ద టెన్షన్. పిల్లలు తక్కువ, ఉన్నవాళ్లకి వేరే ఉద్యోగాలు. దేశంలో దాదాపు సగం కంపెనీలకి తర్వాత ఎవరు చూసుకుంటారన్నది తేలలేదు. కొమగాతలో ఆ కొరత లేదు. ముప్పు ఉన్నది చేప దగ్గర.

తిమింగలం సంగతి అందరికీ తెలిసిందే. వ్యాపార వేట 1980 ల్లో అంతర్జాతీయంగా ఆగిపోయింది. జపాన్ అంతర్జాతీయ తిమింగల వేట సంఘం నుంచి బయటికొచ్చి 2019 జులైలో తన సముద్రాల్లో మళ్లీ మొదలుపెట్టింది. దాని మీద ప్రపంచమంతా గొడవ పడింది. దోజో కోసం అలాంటి గొడవ ఏదీ జరగలేదు. నిశ్శబ్దంగా తగ్గిపోయింది. యుద్ధం తర్వాత వరి పొలాల్లో పురుగుమందులు విపరీతంగా వాడారు. చిన్న చిన్న మడులు కలిపి యంత్రాలకు అనువుగా చదును చేశారు. మట్టి కాలవల స్థానంలో కాంక్రీటు కాలవలు వచ్చాయి. పొలానికీ కాలవకీ మధ్య ఎత్తు తేడా పెరగడంతో, గుడ్లు పెట్టడానికి మడిలోకి ఎక్కే చేపకి దారి మూసుకుపోయింది. చలికాలంలో పొలాలు పూర్తిగా ఎండగట్టడంతో బురదలో దాక్కునే వీలూ పోయింది. వరి దిగుబడి పెరిగింది, ఒకప్పుడు పల్లె పిల్లలు బుట్టతో పట్టుకొచ్చిన చేప కొరతైపోయింది. టోక్యో కుంపట్ల మీదికి ఇప్పుడు వచ్చేవి చాలావరకు పెంపకం చేపలు, దిగుమతి చేపలు. పేదవాడి తిండిగా మొదలైన కూర క్రమంగా వెతుక్కుని వెళ్లి తినే వంటకంగా మారిపోవడానికి కారణం ఇదే. తప్పు హోటల్‌ది కాదు.

ఒక కుటుంబం ఎంత క్రమశిక్షణగా ఉన్నా తన చేతిలో లేనిదాన్ని కాపాడలేదు. కాలిపోయిన ఇంటిని వడ్రంగులు తిరిగి కట్టగలరు. కొత్త సుకెషిచిని ఇంట్లోనో బయటో వెతకొచ్చు. పొలాన్ని మాత్రం రైతే మార్చాలి, అందుకు డబ్బు ఎవరో ఒకరు ఇవ్వాలి.

ఇది జరగని పని కూడా కాదు. జపాన్ పడమటి తీరంలో సాదో అనే దీవి ఉంది. జపాన్‌లో అంతరించిపోయిన తోకి అనే కొంగ లాంటి పక్షి జాతిని చైనా నుంచి తెచ్చిన పక్షులతో మళ్లీ పెంచి, 2008 లో ఆ దీవిలో వదిలారు. ఆ పక్షికి దోజో ఇష్టమైన తిండి. అందుకని సాదో రైతులు మందులు తగ్గించి, చలికాలంలోనూ మడుల్లో నీళ్లుంచి, పొలం గట్ల పక్కన చేపలు తలదాచుకునేలా ఏడాది పొడవునా నీరుండే చిన్న కాలవలు తవ్వారు. ఆ బియ్యానికి ప్రత్యేక గుర్తింపు ఇచ్చి, కాస్త ఎక్కువ ధరకి అమ్ముతున్నారు. కొనేవాళ్లు ఆ పక్షి కోసం ఆ తేడా భరిస్తున్నారు. టోక్యోలో మిగిలిన కొద్దిపాటి దోజో హోటళ్లు కూడా తమకి దగ్గరలోని వరి రైతులతో ఇలాంటి ఒప్పందాలు చేసుకుంటే, ఆ ఖర్చులో కొంత మూకుడు ధరలో కలిసినా తినేవాళ్లు కాదనరు. మొదటి సుకెషిచి బయల్దేరి వచ్చిన సైతమాలో వరి ఇంకా పండుతోంది.